రమణత్త బయటి నడక

మొన్న ఎవరింట్లోంచో గంజి పెట్టిన నూలు చీర ఇస్త్రీ చేస్తున్న వాసన వస్తే, ఫోను చూసుకుంటూ మెట్లు దిగుతున్నవాణ్ణి ఆగిపోయాను. మా రాయ్‌పూర్ ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే మా మేనత్త, రమణత్త, బయటికి వెళుతోందని అర్థం. పెళ్ళికి తరలినంత హడావుడి ఉండేది, పెళ్ళికొడుకే తక్కువ.

నాన్నకు ఊరి పక్కనే సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీ ఉద్యోగం. ఎండాకాలం నాయనమ్మ మేడ మీద పెట్టిన మినప వడియాలు సాయంత్రానికి ఫ్యాక్టరీ మసితో నల్ల నువ్వులు అద్దినట్టయ్యేవి. వాటినే వేయించుకు తిని, ఐరన్ మాత్రల ఖర్చు తప్పిందనుకునేవాళ్ళం. వానల్లో పోరా అనే ఎడ్ల పండక్కి పక్కింటివాళ్ళు మట్టి ఎడ్లతోపాటు జంతికల్లాంటి ఠేఠ్రీలు పంపేవారు. ఆ ఎడ్లను గచ్చు మీద మేం పరుగెత్తిస్తుంటే, పోలియో కాలు చాపుకుని కూర్చున్న అత్త పందెం తీర్పరి. లంచం ఠేఠ్రీల్లోనే పుచ్చుకునేది.

అత్తకు రెండు నడకలుండేవి. ఇంటి నడకలో ఎడమ తొడ మీద చెయ్యి ఆనించి, ఒంగి, కాలు విసిరినట్టు వేసేది. గచ్చు మీద ఆ చప్పుడు వినబడగానే మా పుస్తకాలు వాటంతటవే తెరుచుకునేవి. బయటి నడక పెళ్ళిచూపుల కాలంలో నాయనమ్మ నేర్పింది: పళ్ళు బిగించి, చెయ్యి కుచ్చిళ్ళ చాటున దాచి, నిటారుగా, ప్రదక్షిణం చేస్తున్నంత నెమ్మదిగా. చుట్టాలొస్తేనే తీసే గాజు గ్లాసుల్లాంటిదది. ఆ నడక వాడిన ప్రతి రాత్రీ కాలికి వేణ్ణీళ్ళ కాపడం. సంబంధాలేవీ కుదరలేదు, నడక మాత్రం మిగిలింది.

వికలాంగుల పెన్షనుకు సర్టిఫికెట్ మళ్ళీ చేయించుకోమంటే, అత్త మెడికల్ బోర్డు ముందుకి కూడా ఆ నడకతోనే వెళ్ళింది. ముచ్చటపడ్డారో ఏమో, వైకల్యం నలభై శాతం కంటే తక్కువని వేశారు. మా ఇంట్లో నలభైకి తక్కువ తెచ్చుకునే హక్కు నాదొక్కడిదే అనుకున్నాను. నలభై లేనిదే పెన్షన్ లేదు; ఆగిపోయింది. మా నాన్నను అడగకుండా అత్త చేతికొచ్చే డబ్బు అదొక్కటే. అర్జీలన్నీ తిరిగొచ్చాక, ఉచిత న్యాయ సహాయం కింద దొరికిన వకీలు కేసు వేశాడు.

వాయిదా రోజున నాయనమ్మ పులిహోర డబ్బాతో సహా అందరం కోర్టుకు వెళ్ళాం. "దీదీ, ఘర్ మే జైసే చల్తీ హో, వైసే హీ చల్‌నా" అని, ఇంట్లో నడిచినట్టే నడవమని వకీలు బతిమాలాడు. అత్త బుద్ధిగా తలూపింది. పేరు పిలవగానే బయటి నడకతో లోపలికి వెళ్ళింది.

మా వకీలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ప్రభుత్వ వకీలు మాట్లాడే శ్రమ కూడా పడకుండా, చూశారుగా అన్నట్టు చెయ్యి చాపాడు. జడ్జి గారు, పెద్దావిడ, ఇంట్లోనూ ఇలాగే నడుస్తారా అని హిందీలో అడిగారు. అత్త నేల చూసింది. వెనక బెంచీ మీంచి నాయనమ్మ లేచింది.

"నడువే అమ్మీ. ఇంటికాడ నడిసినట్టే నడు."

"అందరూ సూత్తన్నారే అమ్మా."

"సూడనీ. సూడ్డానికే గదా జీతాలిచ్చి కూకోబెట్టినారు."

అత్త తొడ మీద చెయ్యి వేసింది. మా ఇంటి గచ్చు మీద తప్ప ఎక్కడా వినని ఆ చప్పుడు కోర్టు హాల్లో తలుపుదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. అందరూ ఏడవాల్సిన ఘట్టమే. సరిగ్గా అప్పుడే పులిహోర డబ్బా మూత జారి, దొర్లుకుంటూ ప్రభుత్వ వకీలు బూట్ల దగ్గర ఆగింది; ప్యూను మమ్మల్ని కసిరాడు.

బోర్డు అత్తను మళ్ళీ పరీక్షించాలని ఆర్డరొచ్చింది. కొన్నాళ్ళకు పెన్షనూ వచ్చింది. ఇప్పుడు నాయనమ్మ లేదు. వడియాలు ప్యాకెట్లలో, తెల్లగా వస్తున్నాయి. అత్త బజారుకైనా, బ్యాంకుకైనా ఇంటి నడకతోనే వెళుతుంది. కిందటిసారి రాయ్‌పూర్ వెళ్ళినప్పుడు, "బయటికెలగ నడిసీదాన్నో మరిసిపోనాన్రా, నీకొచ్చు గదా, సూపించు" అంది. చిన్నప్పుడు అత్తను ఏడిపించడానికి నేర్చుకున్న విద్య. పళ్ళు బిగించి, చెయ్యి దాచి, గది ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాను.

అత్త శ్రద్ధగా చూసింది.

"ఎవుల్రా ఈవిడ," అంది, "కలెక్టరు పెళ్ళాంలాగున్నాది."