ముందు మెట్లపై మంగ గారి వంతు

శ్రీమతి వేమూరి మంగ గారు, వయస్సు నలభై ఆరు సంవత్సరములు, స్టుట్‌గార్ట్ సమీపంలోని ఒక మోటారు విడిభాగాల సంస్థలో నాణ్యత తనిఖీ చేసే ఉద్యోగిని. వీరిని నేను తొమ్మిది సంవత్సరములుగా ఎరుగుదును. మన తెలుగు సంఘ సమావేశాలలో వీరు వెనుక వరుసలో కూర్చుంటారే గాని, వేదిక ఎక్కగా నేను చూడలేదు. అయినను వీరు చేసిన పనిని కార్యవర్గం వారి దృష్టికి తేవడం నా విధిగా భావిస్తున్నాను.

వీరు అద్దెకున్న భవనానికి ముందొకటి, వెనుకొకటి మెట్లదారులు ఉన్నవి. ముందు ద్వారపు తాళంచెవి జర్మన్ కుటుంబాలకు మాత్రమే ఇచ్చేవారు. మనవారికి, సిరియా, ఘనా దేశస్థులకు చెత్తడబ్బాల పక్కనున్న వెనుక ద్వారమే గతి. ముందు మెట్లు ఊడ్చి తుడిచే కేర్‌వోఖె అనే వారపు వంతు కూడా మనవారికి వచ్చేది కాదు. వంతును తెలిపే చిన్న బోర్డు ఎప్పుడూ జర్మన్ల తలుపులకే వేలాడేది. పని తప్పినదని మనవారు దానిని సౌకర్యంగానే ఎంచారు.

గత శరదృతువులో అదే భవనంలో మంగ గారి పక్క వాటాలోనికి ఒక జర్మన్ జంట వచ్చింది. దిగిన వారంలోనే బోర్డు వారి తలుపుకు చేరింది. మంగ గారు ఆ సంగతిని పై అంతస్తులోని శశికాంత్‌తో ప్రస్తావించారు.

“పని తప్పిందని సంతోషపడక అడిగి తెచ్చుకుంటవా అక్కా? నాకైతే శనివారం నిద్ర ముఖ్యం.”

“నిద్రపోవయ్యా, ఎవరొద్దన్నారు? నా తలుపు దాటించి మరీ మొన్నొచ్చినోళ్ల తలుపుకి పెట్టారు. అంటే మనం ఈ ఇంట్లో లేనట్టేగా?”

“కీ అడిగితే ఓనరు కిరాయి పెంచుతడు. లేకుంటే ఖాళీ చేయమంటడు, చూస్కో.”

మంగ గారు నేరుగా గృహ పర్యవేక్షకుని వద్దకు వెళ్లి ముందు ద్వారపు తాళంచెవి, మెట్ల వంతు అడిగారు. మీ వంటల వాసన ముందు మెట్లపైకి రాకుండుటకే ఈ ఏర్పాటు అని ఆయన సెలవిచ్చారట.

“వాసనకి తాళంచెవి అక్కర్లేదండీ, మనిషికే కావాలి,” అని తనకు వచ్చిన జర్మన్‌లోనే బదులు చెప్పి వచ్చారు.

తరువాతి శనివారం ఆమె బకెట్టు, చీపురు తీసుకొని, తాళంచెవి లేకున్నా లోపలి నడవా గుండా వచ్చి ముందు మెట్లు తుడవసాగారు. పర్యవేక్షకుడు వచ్చి ఆపమన్నా ఆపలేదు. ఇంతలో మూడవ అంతస్తులోని వృద్ధురాలు ఫ్రౌ హౌగ్ దిగివచ్చి, మెట్ల కమ్మీపై వేలు రాసి చూసి, మూలలు వదిలేశావని గట్టిగా మందలించారు. అనంతరం ఆ వారపు వంతుకు తన తలుపుకున్న బోర్డును తీసి, పర్యవేక్షకుని ఎదుటనే మంగ గారి తలుపుకు తగిలించారు.

“ఈ ఇంట్లో నన్ను అందర్నీ తిట్టినట్టు తిట్టింది ఆవిడొక్కతేనండీ,” అని మంగ గారు నాతో నవ్వుతూ చెప్పారు.

మరునాటికి ఆ బోర్డు మాయమైనది. యాజమాన్యం నుండి హెచ్చరిక వచ్చినది: ఇది పునరావృతమైన యెడల అద్దె ఒప్పందం రద్దు. మంగ గారు బెదరక కారణం వ్రాతపూర్వకంగా కోరారు. మరుసటి శనివారం తిరిగి మెట్లు తుడిచారు. వివక్ష ఫిర్యాదుల సలహా కేంద్రంలో వచ్చే నెలకు టెర్మిన్, అనగా కలుసుకొను సమయం, లభించినది. ఆమె ఒక్కరే ఫిర్యాదు చేసిన యెడల దానిని వ్యక్తిగత తగాదాగా కొట్టివేయవచ్చుననియు, ఇతరులు కూడా తాళంచెవి కోరి సంతకం చేసినచో బలముండుననియు టెర్మిన్ ఇచ్చునపుడే అక్కడివారు తెలిపారు.

“అందరు పెడితే నేను పెడ్త అక్కా,” అన్నాడు శశికాంత్. ఆ భవనంలోని మనవారందరి సమాధానమూ అదే. ఆమె ఇల్లు నిలిచేదీ పోయేదీ ఇప్పుడు ఈ మాటపై ఆధారపడి ఉన్నది.

కావున కార్యవర్గం వారికి సవినయంగా విన్నవించునది: ఉగాది సభలో శ్రీమతి మంగ గారికి శాలువా కప్పవలెనన్న ప్రతిపాదనను ప్రస్తుతానికి పక్కన ఉంచి, ఆ భవనంలోని తెలుగు కుటుంబాలన్నింటినీ టెర్మిన్‌కు ముందే ఒకచోట సమావేశపరచి, తాళంచెవి కోరు అర్జీపై వారి సంతకాలు సేకరించవలసినదిగా ప్రార్థన. ముందుగా ఎవరు పెట్టాలన్న సంకోచం ఎవరికీ అవసరం లేదు. మొదటి సంతకం మంగ గారు ఇదివరకే చేసి ఉన్నారు.