నా గొంతుతో పలికిన మాట

దెయ్యాలూ శకునాలూ మా ఇంట్లో పనివాళ్ల కబుర్లు. మా తాతగారు వాటిని వసారా దాటి రానిచ్చేవారు కాదు. ఆయన జమీందారీ పోయింది, మేడ పోయింది. ఆ పట్టుదల మాత్రం సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్ దాకా నాతో వచ్చింది. అందుకే ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటి పెద్ద "కూర్చో" అంటే తప్ప ఎవరూ భోజనానికి కూర్చోరు. మా అబ్బాయి విక్రమ్ తాను ప్రేమించింది ఒక మగవాణ్ణని చెప్పాక, వాడితో నేను ఆ మాట అనలేదు. పొమ్మనీ అనలేదు. ఆదివారం వచ్చేవాడు. బల్ల పక్కన కాసేపు నిలబడి, పాసిర్ రిస్‌లో తన గదికి వెళ్లిపోయేవాడు.

కిందటేడు ఇక్కడి తెలుగువాళ్లం ఒక అమెరికా నాటకాన్ని తెలుగు చేసి వేశాం. అందులో కొడుకూ అలాంటివాడే. వాణ్ణి ఎవరూ తిట్టరు, కొట్టరు. అందరికీ పింగాణీ కంచాలు, వాడికి కాగితం ప్లేటు, అదీ వరండాలో. అక్కడి కొత్త నాటకాల్లో వెలి ఇంత మర్యాదగా ఉంటుందని దర్శకురాలు లలిత చెప్పింది. తండ్రి వేషం నాకిచ్చింది.

"మీరు యాక్ట్ చేయక్కర్లేదు అంకుల్. ఇంట్లో ఎలా ఉంటారో అలా ఉండండి చాలు," అని నవ్వింది.

ఒప్పుకున్నాను. ఆ తండ్రిలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ప్రదర్శన మధ్యాహ్నం. మా ఆవిడ విక్రమ్‌ని వెంటబెట్టుకొచ్చి రెండో వరుసలో కూర్చుంది. కొడుకు వేషం వేసినతను గుమ్మంలో నిలబడ్డాడు. "నీకు బయట పెట్టించాను" అని నేను అనాలి. నేను నోరు తెరవకముందే వినిపించింది:

"లోపలికి రా నాన్నా. కూర్చో."

గొంతు నాది. అతను తికమకపడి, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. మిగతా నాటకం ఎలా లాగించామో గుర్తు లేదు.

తర్వాత వీడియో చూశాను. ముఖం దగ్గరగా తీశారు. పెదవులు మూసే ఉన్నాయి, మాట స్పష్టంగా ఉంది. మైకులు చూసుకున్నతన్ని అడిగితే, ముందే రికార్డు చేసింది ఏదీ లేదన్నాడు. రిహార్సల్స్‌లో ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

ప్రదర్శన అయిన సాయంత్రమే విక్రమ్ మాతో ఇంటికి వచ్చాడు. నేరుగా వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆ లైన్ మీరే మార్చేశారు కదా డాడీ? లలిత ఆంటీ తిట్టలేదా? వెరీ నైస్ లా!" అన్నాడు సింగపూర్ యాసలో.

వాళ్లమ్మ అన్నం వడ్డించింది. నాకేమీ అనిపించలేదు. కంచంలోకి చూస్తూ తిన్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తాడు, ఆ స్నేహితుడితో కలిసి. ఆ మాట అన్నది నేనేనని వాడి నమ్మకం. అన్నది ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. నేను కాదని వాడికి చెప్పలేదు.

చెబితే వాడు లేచి నిలబడతాడు.