పదమూడు డిగ్రీల మిరపచేను

మా నారాయణ మామ, పక్కచేను సత్తార్ భాయ్ ఒక బల్ల మీద కూర్చుని టీ తాగరు. దానికి సగం కారణం ఇద్దరి చేల మధ్య గట్టు, మిగతా సగం నేను. నా వాటా ఎలా సంపాదించానో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

డ్రోన్ కోర్సు పూర్తిచేసి చండ్రుగొండలో దిగాను. నేల మీద నడిచేవాళ్లందరూ నాకు అమాయకుల్లా కనిపించే రోజులవి. మామ ఒకటే మాటన్నాడు. "నా మిర్చికి మందు సక్కగ కొట్టు, ఊరందరికీ నేనే చెప్త. లేకుంటే రేపటి సంది నా ఎరువుల కొట్ల కూసో."

"మామా, ఉత్తర దిక్కులు రెండుంటయ్. మ్యాపుల ఉత్తరం వేరు, కంపాస్ ముల్లు చూపే ఉత్తరం వేరు. ఆ తేడానే వేరియేషన్. విమానాలు గూడ అది లెక్క చూసుకునే పోతయ్."

"రెండా?" మామ మొహం పాలిపోయింది. "మరి మనింటి వాస్తు ఏ ఉత్తరానికి చూసిండురా ఆ సిద్ధాంతి?"

ఆయన్ని ఆ దిగులులోనే వదిలేసి, గట్టు వెంట కంపాస్ పెట్టి దిక్కు కొలిచి రిమోట్‌లో కొట్టాను. వేరియేషన్ ఎంతని అడిగింది. కోర్సు పాఠంలో పదమూడు డిగ్రీలని చదివాను, అదే కొట్టాను. అది ఏ దేశపు లెక్కో అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

డ్రోన్ లేచింది. నాలుగు మొక్కల దూరం బుద్ధిగా గట్టు వెంటే వెళ్లి, తర్వాత మెల్లగా సత్తార్ భాయ్ చేలోకి మళ్లింది. నీలిరంగు కాపర్ మందు ఆయన మొక్కల మీద చల్లుకుంటూ పోయింది.

"అరే పైలట్ సాబ్! నా చేన్లేం పనిరా నీకు? జల్దీ దింపు!"

మామ మాత్రం వెలిగిపోయాడు. "భాయ్, అది శాటిలైట్ చూసి పోతది. అబద్ధమాడదు. నీలం పడ్డకాడికి నాదే!"

గబగబా డ్రోన్ దింపాను. ఫోన్‌లో వెతికితే మన దగ్గర ఆ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూనే. "మామా, తప్పు నాదే. ఆ పదమూడు పాఠంల ఉదాహరణ."

"ఇప్పుడెవడు అడిగిండురా నిన్ను?" అని మామ పళ్లు కొరికాడు.

"మల్ల కొట్టు, ఈడ్నే నిలబడ్త," అన్నాడు సత్తార్ భాయ్.

ఈసారి రెండు చివర్లా ఉన్న హద్దురాళ్లనే పాయింట్లుగా పట్టుకున్నాను. రెండు పాయింట్ల మధ్య దారికి కంపాస్‌తో పనే లేదు. డ్రోన్ రాయి నుంచి రాయికి తిన్నగా పోయింది. గట్టు మాత్రం మధ్యలో సత్తార్ భాయ్ వైపు పొట్టలా ఉబ్బి ఉంది. ఏడాదికింత జరిగినట్టుంది. మామ మిరప సాళ్లు రెండు డ్రోన్ గీతకు అవతల, సత్తార్ భాయ్ వైపు, నీలం అంటకుండా మిగిలాయి.

సత్తార్ భాయ్ మీసం దువ్వాడు. "శాటిలైట్ అబద్ధమాడదు గద, నారాయణన్నా?"

మామ నా చెవిలో గొణిగాడు. "అల్లుడూ, ఆ పదమూడే మల్ల పెట్టురా."

మర్నాడు కొట్లో యూరియా బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ప్రాణం ఉన్నంతవరకు పాఠంలోని ఉదాహరణను మిరపచేలోకి తీసుకురాను. మేనమామ గట్టు పక్కన సరైన లెక్క అసలే వాడను.