డెబ్బై రెండు తర్వాత డెబ్బై నాలుగు

వరుస నంబరు పడనిదే ఆగయ్య లెక్కలో ఏదీ ఈ లోకంలో ఉన్నట్టు కాదు. గోదావరిఖనిలో గని హాజరీ ఆఫీసు గుమాస్తా ఆయన. పొగమంచులో బొగ్గు వ్యాగన్లకూ, గోదావరి మీదికి తేలిపోయే మబ్బులకూ నంబర్లిచ్చేవాడు. ఓసారి పదకొండో మబ్బు రెండుగా విడిపోయింది. ఇందులో పదకొండేది, పన్నెండేదని పైకి చూస్తూ నడిచి మోరీలో పడ్డాడు.

"ఎన్నోసారి అన్నా?" దీపాల గది మన్సూర్ చెయ్యందించాడు.

"ఆరోసారి," మోరీలోంచే జవాబు.

ఇంట్లో భార్య సారక్క, "రొట్టె తింటవా, రాసుకుంటవా?" అని అరిచేది.

ఓ ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. పర్మినెంటు కాని బదిలీ కూలీల జాబితా కొత్తగా రాయమన్నాడు. మూడు నెలలు రానివాళ్ల పేర్లు కొట్టెయ్యమన్నాడు. ముందు నంబరువాడే ముందు పర్మినెంటు. అలాంటివాడు ఒక్కడే, డెబ్బై మూడో నంబరు కొమురెల్లి; మూడు నెలలు దాటి ఛాతీ జబ్బుతో దవాఖానలో ఉన్నాడు.

అతని భార్య అనసూర్య కిటికీ దగ్గర నిలబడింది. "ఆరేండ్ల సంది వరుసల నిలవడ్డడన్నా. మళ్ల ఆఖర్కు తోలుతరా?"

ఆగయ్య పెన్సిలు చెక్కుకోసాగాడు. పక్కనే ఉన్న మన్సూర్‌కు మండింది. "మబ్బులకిస్తవు, మనిషికియ్యవా నంబరు?"

కొత్త జాబితాలో కొమురెల్లి పేరు లేనే లేదు. ఆఫీసరు మాత్రం ఒకచోట ఆగాడు.

"డెబ్బై రెండు తర్వాత డెబ్బై నాలుగేందయ్యా?"

"కునుకు పట్టి తప్పిన సార్. మార్చాలంటే కిందోళ్లందరికి నంబర్ల ఇత్తడి బిళ్లలు మళ్ల కొట్టియ్యాలె."

"వద్దు, ఉండనీ!"

ఆగయ్య లెక్క తప్పాడట! మన్సూర్ ఊరంతా చాటాడు, గనంతా పండగ చేసుకుంది. "అన్నా, ఆరు తర్వాత ఎంత?" అని కూలీలు వేళాకోళం. ఆగయ్య తల వంచుకుని పోయేవాడు.

ఐదు నెలలకు కొమురెల్లి నయమై వచ్చాడు.

"కొత్తోని లెక్కనే. ఆఖర్ల రాయి," అన్నాడు ఆఫీసరు.

"అట్లనే సార్," అంటూ ఆగయ్య పుస్తకం తెరిచాడు. ఎందుకో ఆ పేజీయే తెరుచుకుంది. పన్ను ఊడిన నోరులా ఆ ఖాళీ కనపడగానే ఆఫీసరు మొహం చిట్లించాడు.

"ఆఖరు సంగతి తర్వాత. ముందుగాల్ల ఈ బొక్క పూడ్చు!"

"మీ హుకుం సార్."

కొమురెల్లి డెబ్బై మూడో బిళ్ల చూపించి దీపం పట్టుకుపోయాక, మన్సూర్ ఆగయ్య దగ్గరికొచ్చాడు.

"నువ్వు తప్పలే గదన్నా?"

"తప్పిన," అన్నాడు ఆగయ్య గంభీరంగా. "ఊరంత చెప్పినవు గద, ఇప్పుడు మాట మార్చకు."