చిన్నమ్మతో మాట్లాడటానికి ఫోన్‌కేం చెప్పాలి?

మా అమ్మది నారాయణపేట. పెళ్లయి రాజమండ్రి వచ్చాక తన తెలంగాణ మాటను దాచేసుకుంది. చెల్లెలితో ఫోన్‌లో ఉన్నప్పుడు మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని "తిన్నవా? ఏం జేస్తున్నవ్?" అనేది. అమ్మ పోయి ఏడాదైంది. ఆ మాట మళ్లీ వినాలని ప్రాణం కొట్టుకుపోతుంటే చిన్నమ్మ దగ్గరికి బయలుదేరాను. ఊరికే కాదు, నెల రోజులు ఫోన్‌లో ఏఐతో ప్రాక్టీసు చేసి మరీ!

మహబూబ్‌నగర్‌లో ఉదయం ఏడింటికి బస్సెక్కితే నారాయణపేటకి దాదాపు రెండు గంటలు. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా అని ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టరమ్మ తిప్పి చూసింది. "గిది ఆంధ్రాది అక్కా, టికెట్ తీస్కోవాలె." వంద నోటిస్తే చిల్లర వచ్చింది. ఇది నా ఊరు కాదని అంత మర్యాదగా ఎవరూ చెప్పి ఉండరు.

చిన్నమ్మ మగ్గం మీద చీర నేస్తోంది. "గిట్లొచ్చిన చిన్నమ్మా! జర గట్ల జరుగు, గీడ కూసుంట!" అని నేర్చుకున్నదంతా ఒక్క దమ్ములో అప్పగించాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఎక్కిరిస్తున్నవా బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ తీసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"దానికేమని చెప్పినవ్?"

"తెలంగాణ యాసలో మాట్లాడమన్నాను."

"ఎవరితోని? ఏం ముచ్చట?"

అవి రాయనే లేదు. అందుకే అది సినిమా కమెడియన్ మాటలు నేర్పింది. అక్కడే కూర్చుని మళ్లీ రాశాను: "నువ్వు నారాయణపేటలో చీరలు నేసే మా చిన్నమ్మవి. నేను మీ అక్క కూతురిని, చాలా ఏళ్లకు వచ్చాను. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు, నవ్వించొద్దు. ఒక్కో ప్రశ్నే అడుగు, నా జవాబులో తప్పుంటే దిద్దు."

వచ్చిన ప్రశ్న పైకి చదివాను: "ఎప్పుడు బయలెల్లినవ్ బిడ్డా? ఏమన్న తిన్నవా?"

"ఇప్పుడు మంచిగడిగింది," అంది చిన్నమ్మ. "చెప్పు మరి."

"ఇంకా తినలే చిన్నమ్మా."

ఆవిడ మగ్గం దిగి జొన్నరొట్టె, మేం గోంగూర అనే పుంటికూర పెట్టింది. నాలుగింటి బస్సు దాకా మాట్లాడుతూనే ఉన్నాం. ఫోన్ మళ్లీ తీయలేదు.

తిరుగు బస్సులో అమ్మ మీద బెంగ ఆగలేదు. ఇరుగుపొరుగు నవ్వుతారని అమ్మ తన మాట మానేసిందని అందరికీ చెబుతుంటాను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. మీరూ ఇలా నేర్చుకోవాలనుకుంటే ప్రాంప్టులో యాస పేరొక్కటే రాసి ఊరుకోకండి. ఎవరితో, ఏ వరసలో, ఏ సందర్భంలో మాట్లాడాలో రాయండి. రాశాక, ఆ మనిషి ఉండగానే వెళ్లి మాట్లాడండి.