చొక్కా గుడ్డల తిరునాళ్ల

ఆ రోజుల్లో బొమ్మల పుస్తకం పెట్టుకోవడం కూడా ఒక వ్యాపకమేనని మాకు తెలియదు. ఇప్పుడు మా వీధి చివర ఒకమ్మాయి దానికి ఆర్ట్ జర్నలింగ్ అని పేరు పెట్టి వేసవి సెలవుల్లో పిల్లలకు నేర్పుతోంది. రోజూ ఒక పేజీలో మనసుకు తోచిన బొమ్మ వేయాలట, చేతికి దొరికిన కాగితమో గుడ్డో అంటించాలట, దాంతో అలసట పోతుందట. నాకు ఆ పిచ్చి ఎనభైల్లోనే పట్టింది. అలసట పోలేదు సరికదా, ఈ జన్మకు సరిపడా వచ్చింది.

మా నాన్న నరసరావుపేటలో దర్జీ. ఊరంతా మేస్త్రీ అనేవారు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను (లెక్కల్లో తప్పాను, మిగతావాటి సంగతి ఇప్పుడెందుకు) షాపుకు తీసుకెళ్లి కాజాలు, గుండీలు అప్పజెప్పాడు. మాకు రంజాన్ కన్నా కోటప్పకొండ తిరునాళ్లకే పని ఎక్కువ. శివరాత్రికి నెల ముందు నుంచే గుడ్డలు వచ్చి పడేవి. పొద్దున వంచిన మెడ సాయంత్రానికి గానీ ఎత్తేదాన్ని కాదు. ఒక ఊళ్లో ఇంతమంది మగవాళ్లు ఎందుకున్నారా అని విసుగొచ్చేది. ఉన్నవాళ్లు ఉత్త బనీన్లతో తిరగొచ్చు కదా అని ఇంకా విసుగొచ్చేది.

ఆ విసుగులో ఉండగానే షాపుకు ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు బాబాయి ఒక డైరీ ఇచ్చాడు. మిషను కింద రాలిన పేలికల్ని మైదా జిగురుతో అంటించి, చుట్టూ పెన్సిలుతో గీసి, మొదటి పేజీలో ఒక గేదెను చేశాను. నా కళ్లకు అద్భుతంగా ఉంది. (మా అమ్మ దాన్ని బల్ల అనుకుంది.) మర్నాడు రిక్షా, ఆ మర్నాడు మా వీధి కుళాయి దగ్గర తగువు. వారం తిరిగేసరికి ఆశ పెరిగి, కొండ, మెట్లు, వెదురుతో ఎత్తుగా కట్టి బండ్ల మీద ఊరేగించే ప్రభలు, ఎడ్లబండ్లు, మిఠాయి కొట్లతో తిరునాళ్ల మొత్తం రెండు పేజీల నిండా దించాలనుకున్నాను. దానికి మిషను కింది పేలికలు చాలవు. మంచి రంగులు కావాలి, అంచులు తిన్నగా ఉన్న ముక్కలు కావాలి.

అలాంటి ముక్కలు నాన్న ఆర్డరు పుస్తకంలో ఉన్నాయి. పేజీకి ఒక మనిషి పేరు, వాళ్ల కొలతలు, కింద గుండుసూదితో గుచ్చిన గుడ్డముక్క. బీరువాలో మడిచి పెట్టిన గుడ్డల మీద మాత్రం పేరుండదు, గుర్తుండదు. సుద్ద మరక పడితే జనం గొడవ చేస్తారని నాన్న దేని మీదా రాసేవాడు కాదు. ఏ గుడ్డ ఎవరిదో చెప్పేది ఆ ముక్క ఒక్కటే. ఈ సంగతి నాకు తెలుసా అంటే తెలుసు. నాన్నకు అన్నీ గుర్తే ఉంటాయిలే అనుకున్నాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడల్లా నాలుగైదు పీకేదాన్ని.

అంతకుముందు కత్తిరించినవన్నీ కుట్టడం అయ్యాక, శివరాత్రి ఇంకా వారం ఉందనగా నాన్న కత్తెర పట్టుకుని పుస్తకం తెరిచాడు. ముప్ఫై పేజీల్లో సూది రంధ్రాలు తప్ప ఏమీ లేవు. నేను డైరీ తీసి ముందు పెట్టాను. ఇరవై ఏళ్లుగా పండగ నాటికి చొక్కా ఒంటి మీద ఉంటుందని చెప్పి, ఒక్కసారి కూడా మాట తప్పని మనిషి ఆయన. ఈసారి తప్పితే మా షాపు గడప మళ్లీ ఎవరూ తొక్కరు. కొడతాడనుకున్నాను. స్టూలు మీద కూలబడ్డాడు.

"కొట్టే ఓపిక కూడా లేదే నాకు. ఈ బొమ్మల పుస్తకం పట్టుకొని ఇంటింటికీ పో. ఎవురి గుడ్డ ఏదో వాళ్లనే చూపించమను."

రెండు రోజులు ఎర్రటి ఎండలో తిరిగాను. గడప గడపకూ డైరీ తెరిచి, మీ చొక్కా ఇందులో ఎక్కడుందో చూడండి అని అడగాలి. కిరాణా శెట్టిగారు కళ్లజోడు సవరించుకుని చానాసేపు వెతికి, బండి లాగే ఎద్దు తనదేనని ఒప్పుకున్నాడు, కొమ్ములు మాత్రం కుదరలేదన్నాడు. పెద్ద ప్రభకు అంటించిన మెరుపు ఊదారంగు ముక్క మాదంటే మాదని ముగ్గురు పట్టుబట్టారు. మెట్లకు వాడిన మట్టిరంగు ముతక గుడ్డను మాత్రం ఎవరూ తమదనలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు అడ్డంపడి నిజం చెబితే గానీ తేలలేదు. కాళ్లు బొబ్బలెక్కాయి. ప్రతి ముక్క పక్కనా పెన్సిలుతో పేరు రాసి తెచ్చి నాన్నకిచ్చాను. ఆ తర్వాత ఐదు రోజులు ఇద్దరం తల ఎత్తలేదు. పండగ ముందురోజు సాయంత్రం ఆఖరి చొక్కా వెళ్లిపోయింది.

అప్పుడు నాన్న చేతులు దులుపుకుని, ఆ డైరీని మొదటిసారి బొమ్మగా చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఊరందరి గుడ్డలూ ఉన్నయ్. మరి మనదేదే?"

మనింట్లో ఎవరికీ కుట్టలేదు కదా అన్నాను. అది నిజమే. నాన్న తన చొక్కా అంచు లోపలివైపుకు తిప్పి, కత్తెరతో వేలెడంత ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో. ఏడన్నా ఓ మూల అంటించు."

ఉతికి ఉతికి వెలిసిపోయిన బూడిద రంగు. నేను దాన్ని బొమ్మ మీద అక్కడా ఇక్కడా పెట్టి చూసి, చాలా గంభీరంగా చెప్పాను.

"ఈ రంగు కుదరదు నాన్నా."

సరేలే అన్నాడు. బల్ల మీది పేలికలతో పాటు దాన్ని కూడా చేత్తో కిందికి తోసేశాడు.

నాకిప్పుడు ఆనాటి నాన్న కన్నా చాలా ఎక్కువ వయసు. ఆయన లేడు. డైరీ ఉంది, సగం పురుగులు కొట్టేశాయి. ఎప్పుడు తీసి చూసినా కొండకు నేను అంటించిన పసుపు టెర్లిన్ గుడ్డ కొండలా కనిపించదు, లడ్డూలా కనిపిస్తుంది. కోటప్పకొండ రాయి అసలు రంగు నాన్న చొక్కా రంగే. వెనక్కి వెళ్లి, పదో తరగతి తప్పిన ఆ పిల్లను నాలుగు తిట్టి, ఆ ముక్క ఏరించి, అక్కడ అంటించేలా చేయాలనిపిస్తుంది. నేను చెబితే మాత్రం వింటుందా? రంగుల సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని దాని నమ్మకం.