మొలకల మీద రస్తా

నా చిన్నప్పుడు నాకు దయ్యాలంటే భయం లేదు, మా ఊరి పెద్దరైతంటేనే భయం. ఆయన మాట దాటినవాళ్లు ఊళ్లో బతకలేరని పెద్దలు గుసగుసలాడేవాళ్లు. ఆళ్లగడ్డ దగ్గర మా పేట నుంచి తారు రోడ్డుకు పోయే బండ్ల రస్తా ఆయన చేని మధ్యగా ఉండేది. ఒక ఏడు దాన్ని దున్నించి జొన్న చల్లించాడు. ముళ్లకంప వేయలేదు, కాపలా పెట్టలేదు. ఆ అవసరం లేదని ఆయనకు తెలుసు. మొలకను తొక్కితే కడుపు మాడుతుందని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్లం. పేటంతా మారుమాట లేకుండా వంకలో, ఆ లోతు వాగులో దిగి చుట్టూ తిరిగి పోసాగింది.

వంకలో బండి దిగదు. మా అమ్మకేమో నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందేనని మంత్రసాని చెప్పింది. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మగవాళ్లు కదిలితే గొడ్డళ్లు లేస్తాయని మా నాయనమ్మ, మా జేజి, నన్ను వెంటబెట్టుకుని నంద్యాల పోయి వకీలును కలిసింది. ఆయన చెప్పింది తిరుగు బస్సులో నాకు అప్పజెప్పింది.

"సముద్రంలో ఓడలు పోయే దావను ఎవురూ దున్నలేరంట పాపా. ఆడ గుర్తు లేకున్నా అది అందరిదేనంట. మన్ను మీద దావ అట్ల కాదు. మనం నడిచేది మానుకుంటే, మనమే ఇడిసిపెట్టినామంటారంట."

బస్సు దిగేసరికి ఎదురుగా పచ్చటి మొలకలు, గట్టు మీద కట్టె పట్టుకుని పెద్దరైతు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. జేజి చెప్పులు విడిచింది. వంగి ఒక మొలకను తాకి కళ్లకద్దుకుని, నా చేయి పట్టుకుని చేన్లోకి నడిచింది.

"ఏందే ముసల్దానా, పైరు తొక్కుతాండావు? అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా?" అని అరిచాడాయన.

"రస్తాలో ఇత్తినోడివి నువ్వప్పా. పాపం నీకే తగులుతాది," అంది జేజి ఏడుస్తూ. ఆగలేదు.

కట్టె లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే జేజిని చూసి అవతలి కొస నుంచి పేట ఆడవాళ్లంతా చేన్లోకి దిగుతున్నారు, ఒట్టి చేతులతో, ఒట్టి కాళ్లతో.

మర్నాడే అమ్మను పడుకోబెట్టిన బండి ఆ మొలకల మీదుగా పోయింది. తమ్ముడు నంద్యాలలో పుట్టాడు.

ఈ వయసులోనూ ఆ చేను గుర్తొస్తుంది. భయం పోయిందని చెప్పను, పోలేదు. కానీ ఏదైనా చేయకూడదని మనసు వెనక్కి లాగినప్పుడు, నేను ఆగిపోతే ఎవరికి లాభమో ఒకసారి చూసుకుంటాను.